హన్మకొండలో పాత స్లాబ్ ఇల్లు కొంటున్నారా? ముందే లెక్కేసుకోవాల్సిన రిపేర్లు

1990ల నాటి స్లాబ్ ఇల్లు నచ్చింది, ఇంటాయన ఈమధ్యే రంగులు వేయించాడు, కొన్నాక ఏమేం బయటపడతాయని ఒకరు అడిగారు. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. పాత ఇంట్లో పెద్ద ఖర్చులు దాదాపు అన్నీ అక్కడే మొదలవుతాయి. వీలైతే వాన వెలిసిన మర్నాడు వెళ్లండి.

ఒక చిన్న సుత్తి పట్టుకుని సీలింగ్ అంతా తట్టండి. బాత్రూం, వంటగది, సజ్జల అడుగు, బాల్కనీ అసలు వదలొద్దు. డొల్లగా మోగితే లోపల సలాక తుప్పు పట్టి కాంక్రీట్ విడిపోయి ఉండొచ్చు. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి, అందుకే అది కాంక్రీట్‌ను పగలగొట్టి పెచ్చులు రాలుస్తుంది. ఊడినచోట సిమెంట్ పూసి వదిలేస్తే తుప్పు లోపలే ఉంటుంది, మళ్లీ ఊడుతుంది. చేయాల్సిన పని వేరు: డొల్ల భాగమంతా చెక్కేయాలి, సలాక వెనక కూడా వేలు పట్టేంత ఖాళీ చేయాలి. వైర్ బ్రష్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, జింక్ ప్రైమర్ కొట్టాలి. ఆ తర్వాత పాత కాంక్రీట్‌కు కొత్తది అంటుకునేలా బాండింగ్ కోట్, అది ఇంకా జిగురుగా ఉండగానే పాలిమర్ మోర్టార్ (పాలిమర్ కలిపిన సిమెంట్ మాలు). ఒకేసారి మందంగా పెడితే జారిపోతుంది, 10 నుంచి 12 మిల్లీమీటర్ల పొరలుగా కట్టించండి. సలాకలు సన్నబడి కనిపించినా, ఒక గది సీలింగ్ సగానికి పైగా డొల్లగా మోగినా, స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడకుండా బయానా ఇవ్వొద్దు.

పైన కారుతుంటే కింద ఎంత బాగు చేసినా డబ్బు దండగే. డాబా మీద నాలుగు బకెట్లు పోసి, నీళ్లు గొట్టం వైపు పోతున్నాయా, మధ్యలో నిలుస్తున్నాయా చూడండి. వాలు కనీసం వంద అడుగులకు అడుగు లెక్కన ఉండాలి. ఎక్కువగా కారేది పిట్టగోడ, స్లాబ్ కలిసే మూల దగ్గర. అక్కడ పగులును తెరిచి, నింపి, మూలను గుండ్రంగా తిప్పే గోలా కట్టించి, ఆపైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాలి. పాత పొరల మీద మళ్లీ కాంక్రీట్, టైల్స్ వేయించారా అని కూడా అడగండి. ఆ బరువంతా స్లాబే మోయాలి.

గోడల కింది మూడు నాలుగడుగులకే కొత్త రంగు ఉంటే చెమ్మను దాచారనే అనుమానించండి. మన పాత కాలనీల్లో సీసీ రోడ్డు మీద మళ్లీ రోడ్డు వేసి ఎత్తు పెరిగింది, కొన్ని ఇళ్ల గడప ఇప్పుడు రోడ్డు కన్నా కిందికి పోయింది. రోడ్డు నీళ్లు పునాదిలోకి ఇంకితే లోపల ఎంత పుట్టీ పెట్టినా పొక్కుతుంది. టైల్స్ అంటిస్తే చెమ్మ ఆ పైకి ఎక్కుతుంది. ముందు బయటి నీటిని మళ్లించాలి. తర్వాత మరక కన్నా అడుగున్నర పైదాకా ప్లాస్టర్ కొట్టేసి, కొన్ని వారాలు ఆరనిచ్చి, అప్పుడు కొత్త ప్లాస్టర్ వేయించాలి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో ఇంటాయనను కాదు, పక్కింటివాళ్లను అడగండి. హంటర్ రోడ్ వైపు, నాలాల పక్కన ఇల్లయితే ఇది తప్పనిసరి.

పగుళ్లలో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయేవి ముఖ్యం. నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది, పునాది కదులుతుంది. తలుపులు బిగుసుకుపోవడం కూడా దానికి గుర్తే. ప్లాస్టర్‌లోని వెంట్రుకవాసి పగుళ్లకు భయపడక్కర్లేదు.

ఆ కాలపు ఇంట్లో గోడల్లో జీఐ (జింక్ పూత ఇనుప) పైపులుంటే లోపల తుప్పు పేరుకుని ధార సన్నబడుతుంది, ఎల్బోల దగ్గర కారుతుంది. ముక్కలు ముక్కలుగా మార్చడం కన్నా మొత్తం సీపీవీసీ ప్లాస్టిక్ పైపులకు మార్చడం మేలు. రాత్రి ట్యాంకు నింపి, మట్టం గుర్తు పెట్టి, నల్లాలన్నీ కట్టేసి, పొద్దున చూస్తే కారుతోందో లేదో తెలిసిపోతుంది. కరెంటులో ఎర్తింగ్ ఉందా, లేదా అన్నది మొదట చూడండి. ఏసీ, గీజర్‌లకు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. దర్వాజాల అడుగు తట్టి చూడండి, బోలుగా మోగితే చెదలు. సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, బోరుకు ఎంత దూరమో తెలుసుకోండి. 50 అడుగులకన్నా దగ్గరుంటే బోరు నీళ్లు పరీక్ష చేయించాలి.

పని డాబాతో మొదలుపెట్టండి. తర్వాత స్లాబ్ అడుగు, ఆ వెంటనే గోడలు చెక్కాల్సిన పైపులు, వైరింగ్ పనులు, ఆపైన ప్లాస్టర్. రంగులకు మాత్రం గోడ పూర్తిగా ఆరేదాకా ఆగండి.