మెసలమైన్ ఆపి వెసికిల్ క్యాప్సూల్స్ వాడొచ్చా? – సమాధానం

మీ తమ్ముడు అల్సరేటివ్ కొలైటిస్‌కి (పెద్దపేగులో వాపు, పుండ్లు వచ్చే జబ్బు) వాడుతున్న మెసలమైన్ ఆపేసి, ఆన్‌లైన్‌లో చూసిన 'ప్రోబయోటిక్ వెసికిల్' క్యాప్సూల్స్ వేసుకుంటానంటున్నాడని రాశారు. దయచేసి ఆపనివ్వకండి. మందు మానేస్తే జబ్బు తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది.

వెసికిల్స్ అంటే బ్యాక్టీరియా బయటికి వదిలే అతి సన్నని బుడగలు. వాటికి ప్రాణం లేదు, పేగులో పెరగవు. కానీ ప్రొటీన్లు, ఆర్ఎన్ఏ లాంటివి మోసుకెళ్లి పేగు కణాలకు అందించగలవు. అందుకే శాస్త్రవేత్తలకు అంత ఆశ.

ఉదాహరణకి, 1917లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లే అనే డాక్టరు, తోటివాళ్లకి విరేచనాలు పట్టుకున్నా తనకి మాత్రం రాని ఒక సైనికుడి నుంచి ఒక ఈ.కోలై బ్యాక్టీరియా రకాన్ని వేరుచేశారు. కొలైటిస్ తిరగబెట్టకుండా చూడడంలో అది మెసలమైన్‌కి దాదాపు సాటిగా నిలిచింది. అయితే అది బతికున్న బ్యాక్టీరియా సంగతి. దాని వెసికిల్స్ వాపు తగ్గించింది ఎలుకల్లో. వెసికిల్స్ క్యాన్సర్‌పై పనిచేస్తాయా అన్న పరిశోధన కూడా ఎక్కువగా ల్యాబ్, ఎలుకల దశలోనే ఉంది.

ఈ జబ్బు ఏళ్ల తరబడి ఉంటే వచ్చే పెద్దపేగు క్యాన్సర్ గురించే టెన్షన్ అయితే, జబ్బు మొదలై 8 ఏళ్లు అయిందేమో చూసి కొలనోస్కోపీ (కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) గురించి గ్యాస్ట్రో డాక్టరుని అడగండి. స్టెరాయిడ్స్ వాడుతుంటే మామూలు ప్రోబయోటిక్ కూడా ఆయన్ని అడిగాకే.