అమీర్‌పేట పంపాలా, గ్రామర్ పుస్తకం కొనివ్వాలా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె, కొబ్బరి వ్యాపారం. అమ్మాయి పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు కాకినాడలో బీటెక్ మూడో సంవత్సరం. మార్కులకు లోటు లేదు కానీ ఇంగ్లీష్‌లో నోరు విప్పదు. చుట్టాలొచ్చినప్పుడు మాట్లాడమంటే లోపలికి వెళ్ళిపోతుంది. సెలవుల్లో అమీర్‌పేటలో స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేర్పించాలా, ఇంట్లోనే గ్రామర్ పుస్తకం చదివించాలా? ప్లేస్‌మెంట్స్ తలచుకుంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ చుట్టాల సంగతి చూద్దామండి. వచ్చిన వాళ్ళంతా తెలుగువాళ్ళే అయినప్పుడు ఆ పిల్ల ఎవరి కోసం ఇంగ్లీష్ మాట్లాడాలి? నలుగురిలో నిలబెట్టి పరీక్ష పెడుతున్నారు మీరు. తప్పు దొర్లితే ఎవరో ఒకరు నవ్వుతారు. లోపలికి వెళ్ళిపోయి తెలివైన పనే చేసింది. ఇది ఈ రోజే మానేయండి.

అమీర్‌పేట మీద నాకున్న అనుమానాలు దాచను. గంట క్లాసులో నలభై మంది కూర్చుంటే, మాస్టారు నోరే విప్పకపోయినా ఒక్కొక్కరి వాటా నిమిషంన్నర. అందులో చాలామంది బట్టీ పట్టేది 'మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ కమింగ్ ఫ్రమ్...' అనే పాఠమే. ఇంటర్వ్యూలో అది అప్పజెప్పాక అవతలాయన 'ప్రాజెక్టులో నువ్వు చేసిందేమిటి?' అనగానే బండి ఆగిపోతుంది. పైగా హాస్టల్ ఖర్చు. ఆ రూములో ఉండేది మన వైపు పిల్లలే, మాట్లాడుకునేది తెలుగే.

అలాగని గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివించడమూ వద్దు. మన పిల్లలు తడబడే చోట్లు కొన్నే. 'ఐదేళ్ళ నుంచి', '2020 నుంచి' రెండింటికీ మనకు ఒకటే మాట కాబట్టి 'సిన్స్ ఫైవ్ ఇయర్స్' అనేస్తారు. ఎంతకాలమో చెప్పాలంటే ఫర్, ఎప్పుడు మొదలైందో చెప్పాలంటే సిన్స్. 'డిడ్ నాట్ వెంట్' ఇంకొకటి. డిడ్‌తోనే గతమని చెప్పేశాం, ఆ తర్వాత గో చాలు. 'వేర్ యు ఆర్ గోయింగ్' అని అడుగుతారు, అక్కడ ఆర్ ముందుకు రావాలి. ఎ, ది ఎక్కడ పెట్టాలో బాగా మాట్లాడేవాళ్ళకే తప్పుతుంది, వాటి గురించి ఇప్పుడు బెంగ వద్దు.

మాట్లాడటానికి విషయం మీ ఇంట్లోనే ఉంది. దింపు, అంటే చెట్ల నుంచి కాయలు దించడం, ఎలా తీస్తారు, కాయ ఎలా ఒలుస్తారు, అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో వెయ్యి కాయల లెక్కన బేరం ఎలా కుదురుతుంది, రోజుకొకటి ఫోన్‌లో రికార్డు చేసుకోమనండి. ఎప్పుడూ జరిగే పనులు కాబట్టి సింపుల్ ప్రెజెంట్ సరిపోతుంది. పోయిన దింపు కబుర్లు చెబితే సింపుల్ పాస్ట్ అలవాటవుతుంది. తన గొంతు తనే విని, అనుమానం వచ్చిన వాక్యం కోసం అప్పుడు పుస్తకం తెరవాలి. మీరు పక్కన కూర్చోకండి!

తెలుగు మీడియం నుంచి వెళ్ళి, మూడేళ్ళుగా ఇంగ్లీష్‌లో పాఠాలు విని, పరీక్షలు రాసి మార్కులు తెచ్చుకుంటున్న పిల్లండీ. భాష రాదని ఎలా అంటారు? ఇంకా టైముంది.

ఇంత చెప్పినా పంపాలనే ఉంటే, ముందు డెమో క్లాసులో కూర్చోమనండి. ఆ గంటలో తనకు ఎన్నిసార్లు మాట్లాడే అవకాశం వచ్చిందో అడిగి, ఫీజు సంగతి తర్వాత చూడండి.