టెలిస్కోపులే అన్నీ చేసుకుంటుంటే ఖగోళ శాస్త్రవేత్తలకు ఇక పనేముంది?

అన్నీ ఆటోమేటిక్ అయిపోయాయి కదా, ఖగోళ శాస్త్రవేత్తలు ఇప్పటికీ రాత్రుళ్లు మేలుకుంటారా అని అడిగారు. ఈ పనిలోనే ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా, మేలుకోవడం బాగా తగ్గింది, పని మాత్రం తగ్గలేదు.

కొత్తలో నేనూ అబ్జర్వేటరీకి వెళ్లి పరిశీలించినవాణ్ణే. మనకిచ్చిన రాత్రి మబ్బు పట్టిందా, అంతే సంగతులు, మళ్లీ అప్లికేషన్ పెట్టుకోవాల్సిందే. ఇప్పుడు చిలీలోని వీఎల్‌టీ (వెరీ లార్జ్ టెలిస్కోప్) లాంటి చోట్ల చాలా ప్రాజెక్టులు సర్వీస్ మోడ్‌లో నడుస్తాయి, అంటే ఎక్స్‌పోజర్ ఎంతసేపు కావాలి, వెన్నెల ఎంతవరకు ఫర్వాలేదు, గాలి ఎంత నిలకడగా ఉండాలి, ఇవన్నీ ముందే రాసిస్తే పరిస్థితులు కుదిరిన రాత్రి అక్కడి సిబ్బంది తీసిపెడతారు, మనకి డేటా వచ్చిందని మెయిల్ వస్తుంది. ఆరోగ్యానికి మంచిదే. కానీ ఏదో వింతగా కనబడుతోంది, ఇంకొకటి తీద్దాం అని అప్పటికప్పుడు అనుకునే వీల్లేదు.

అసలు సమయం దొరకడమే గగనం. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌కి 2024లో ఉన్న సమయానికి సుమారు 9 రెట్లు అడిగారు, కాబట్టి ప్రపోజల్స్ రాయడానికే బోలెడు రోజులు పోతాయి.

2025లో తొలి చిత్రాలు విడుదల చేసిన వేరా రూబిన్ అబ్జర్వేటరీ తీరు వేరు. 3200 మెగాపిక్సెల్ కెమెరాతో దక్షిణాకాశాన్ని పదేళ్లపాటు మళ్లీ మళ్లీ ఫోటో తీయడం దాని పని. రాత్రికి సుమారు 20 టెరాబైట్ల డేటా, ఏదైనా మారితే నిమిషాల్లో అలర్ట్, అవి రాత్రికి కోటి దాకా ఉండొచ్చని అంచనా. మనుషులు చూసే లెక్క కాదది. బ్రోకర్లు అనే సాఫ్ట్‌వేర్లు వడపోస్తాయి, మేం వాటికి ఫిల్టర్లు రాసుకుంటాం.

నాకు టెన్షన్ ఇక్కడే. కొత్త విద్యార్థులు కోడ్‌లో మాకంటే చాలా ముందున్నారు, కానీ వాళ్ల చేతికొచ్చేది శుభ్రం చేసిన కేటలాగ్, అంటే ఫోటోల నుంచి సాఫ్ట్‌వేర్ తీసిపెట్టిన వస్తువుల పట్టిక. పల్చటి మబ్బు అడ్డొస్తే నక్షత్రం మసకబారినట్టే ఉంటుంది, పక్కనున్న పెద్ద నక్షత్రం వెలుగు లెన్సుల్లో ప్రతిఫలించి కొత్త వస్తువులా కనబడుతుంది, కాస్మిక్ కిరణం తగిలిన పిక్సెల్ ఉన్నట్టుండి మెరుస్తుంది. సాఫ్ట్‌వేర్ వీటిలో చాలావాటిని పట్టేస్తుంది, మిగిలినవే కొంప ముంచుతాయి. అందుకే ఎవరైనా కొత్తది దొరికిందని పరిగెత్తుకొస్తే ముందు ముడి ఫ్రేములు, అంటే కెమెరా తీసిన అసలు ఫోటోలు, తెరవమంటాను, విసుక్కుంటారు, అయినా తెరవమంటాను. చిన్న టెలిస్కోప్‌తోనైనా కొన్ని రాత్రులు స్వయంగా గడిపినవాళ్లకి ఆ అనుమానం చెప్పకుండానే వస్తుంది.

మీరు ఈ రంగంలోకి రావాలనుకుంటే ఇంకో మాట. డేటాని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్లు (పైప్‌లైన్లు) రాసేవాళ్లు లేకపోతే ఎవరి పరిశోధనా సాగదు, అయినా శాశ్వత ఉద్యోగాల ఎంపికలో ఇప్పటికీ ఎక్కువగా చూసేది పేపర్లే. ఇది అన్యాయమే, కానీ మారేదాకా మీరు రాసిన కోడ్ గురించి మీ పేరుతో ఒక పేపర్ వేసుకోండి.