జర్మనీలో ఎంఎస్: ఈ పని మీ అమ్మాయే చేసుకోగలదు

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది రెండో సెమిస్టర్ చదువుతోంది. సీజీపీఏ 7.4. రెండు సప్లీలు ఉండేవి, రాసి పాసైంది. జర్మనీలో ఎంఎస్ చేస్తానంటోంది. ఒక కన్సల్టెన్సీ వాళ్లు ‘ఈ మార్కులకు అక్కడి గవర్నమెంట్ యూనివర్సిటీలో రాదు, ప్రైవేటులో వారంలో సీటు ఇప్పిస్తాం, మా ఫీజు లక్షన్నర’ అన్నారు. నేను జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. అక్కడ నిజంగా ఫీజు లేకుండా చదవొచ్చా? ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి కూడా అక్కడే బీటెక్ చేస్తానంటున్నాడు. అది కుదురుతుందా?
- ఒక తండ్రి, సూర్యాపేట జిల్లా

జవాబు: మాస్టారూ, ముందుగా ఆ లక్షన్నర ఎవరికీ కట్టకండి. 7.4కి, పాసైన రెండు సప్లీలకు ప్రభుత్వ యూనివర్సిటీ రాదన్న మాట నిజం కాదు. ఆ మాట ఎందుకు వస్తుందో కూడా మీకు తెలియాలి. జర్మనీ ప్రభుత్వ యూనివర్సిటీలు విద్యార్థిని పంపినందుకు ఎవరికీ కమీషన్ ఇవ్వవు. చాలా ప్రైవేటు సంస్థలు ఇస్తాయి. అందుకే కొందరు ఏజెంట్ల నోట ప్రైవేటు పేర్లే ముందు వస్తాయి. అందరూ అలాంటివాళ్లేనని నేను అనను. కానీ వారంలో సీటు ఖాయం అని ఎవరైనా అంటే, అది ఏ యూనివర్సిటీ, ఏడాదికి ఫీజు ఎన్ని వేల యూరోలు, క్లాసులు రోజూ క్యాంపస్‌లోనే జరుగుతాయా లేక సగం ఆన్‌లైనా అని అడగండి. ఆన్‌లైన్ ఎక్కువగా ఉండే కోర్సులకు స్టూడెంట్ వీసా దగ్గర ఇబ్బంది వస్తుంది.

జర్మనీలో మాస్టర్స్ అడ్మిషన్ మన కౌన్సెలింగ్ లాంటిది కాదు. ర్యాంకు లేదు, వెబ్ ఆప్షన్లు లేవు. ఏ కోర్సుకు ఆ కోర్సు విడిగా అర్హతలు రాసుకుంటుంది. వాళ్లు మొదట చూసేది మార్కులు కాదు, బీటెక్‌లో ఏం చదివింది అన్నది. మెకానికల్ మాస్టర్స్‌కు గణితంలో ఇన్ని క్రెడిట్లు, మెకానిక్స్‌లో ఇన్ని, థర్మోడైనమిక్స్‌లో ఇన్ని, మెటీరియల్స్‌లో ఇన్ని ఉండాలని చాలా యూనివర్సిటీలు లెక్క రాసి పెడతాయి. ఆ లెక్కకు మన సబ్జెక్టులు సరిపోతే దరఖాస్తు ముందుకు కదులుతుంది. సరిపోకపోతే 9 సీజీపీఏ ఉన్నా తిరస్కరిస్తారు.

నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి కథ చెబుతాను. అతనూ మెకానికలే. స్నేహితులందరూ వేస్తున్నారని ఏడు దరఖాస్తులు పెట్టాడు. అందులో ఐదు డేటా సైన్స్, ఏఐ కోర్సులు. ఐదూ ‘మీ బ్యాచిలర్స్ ఈ కోర్సుకు సంబంధించింది కాదు’ అన్న ఒకే వాక్యంతో వెనక్కి వచ్చాయి. మిగిలిన రెండూ ఆటోమోటివ్, ప్రొడక్షన్ కోర్సులు. రెండింట్లోనూ సీటు వచ్చింది. అతని మార్కులు మీ అమ్మాయి కంటే తక్కువే. ఆ ఐదింటికి కట్టిన డబ్బు, ఎదురుచూస్తూ పడ్డ టెన్షన్ మాత్రం వృథా అయ్యాయి.

కాబట్టి మీ అమ్మాయి చేయాల్సిన మొదటి పని యూనివర్సిటీల పేర్లు వెతకడం కాదు. తన రెగ్యులేషన్ సిలబస్ పుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి సబ్జెక్టుకు ఎన్ని క్రెడిట్లు, ఏయే యూనిట్లు, ల్యాబ్ ఉందా లేదా అని ఒక పట్టిక రాసుకోవాలి. తర్వాత డాడ్ (DAAD) అనే జర్మన్ ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థ వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ మీడియం కోర్సులు వెతకాలి. నచ్చిన ప్రతి కోర్సుకూ ఏయే సబ్జెక్టుల్లో ఏం చెబుతారో వివరించే మాడ్యూల్ హ్యాండ్‌బుక్ అని ఒక పీడీఎఫ్ ఉంటుంది. దాన్నీ, ఆ కోర్సు రాసిపెట్టిన అర్హతల లెక్కనూ తన పట్టికతో పక్కపక్కన పెట్టి చూడాలి. మెకాట్రానిక్స్ అడిగితే ఎలక్ట్రికల్, కంట్రోల్ సిస్టమ్స్ ఎంత చదివిందని చూస్తారు. అక్కడే మన మెకానికల్ పిల్లలకు క్రెడిట్లు తగ్గుతాయి. ఇంకా ఏడాదిపైన టైమ్ ఉంది కాబట్టి ఫైనలియర్ ఎలక్టివ్‌లు ఎంచుకునేటప్పుడే ఈ లోటు చూసుకోవచ్చు. ఈ పనికి రెండు మూడు ఆదివారాలు పడుతుంది. లక్షన్నర ఇచ్చినా ఇంత ఓపికగా ఎవరూ చేసిపెట్టరు.

ఇక మార్కుల సంగతి. అక్కడ 1.0 అంటే అత్యుత్తమం, 4.0 అంటే పాస్. మన సీజీపీఏను వాళ్ల స్కేలుకు మార్చే సూత్రాన్ని మాడిఫైడ్ బవేరియన్ ఫార్ములా అంటారు. గరిష్ఠ మార్కులోంచి మన మార్కు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. మీరు లెక్కల మాస్టారు, ఒకసారి వేసి చూడండి. గరిష్ఠం 10, పాస్ 5 అనుకుంటే మీ అమ్మాయిది 2.56 వస్తుంది. పాస్ 4 అనుకుంటే 2.3. అదే మార్కులు, పాస్ గ్రేడ్ మారితే ఫలితం ఎంత మారిందో చూశారా? 2.5 లేదా అంతకు లోపు ఉండాలని అడిగే కోర్సులు చాలా ఉన్నాయి. అందుకే గ్రేడింగ్ విధానం వివరించే పేజీ యూనివర్సిటీ నుంచి స్పష్టంగా తీసుకుని మెమోలతో జతచేయాలి. పాస్ గ్రేడ్ 5గానే లెక్క వేస్తే, మిగిలిన సెమిస్టర్లు బాగా రాసి సీజీపీఏ 7.5 చేస్తే సరిగ్గా 2.5 అవుతుంది. ఆ పాయింట్ వన్ కోసం కష్టపడమని అమ్మాయికి చెప్పండి.

సీట్ల పరిమితి లేని కోర్సులూ ఉన్నాయి. వాటిలో అర్హతలన్నీ ఉంటే చాలు, పోటీ లేకుండానే తీసుకుంటారు. ఆఖెన్, మ్యూనిక్, స్టుట్‌గార్ట్ లాంటి పేర్ల మీదే దృష్టి పెట్టకుండా కెమ్నిట్జ్, మాగ్డెబర్గ్, ఇల్మెనౌ, ఫ్రైబెర్గ్ లాంటి చోట్ల టెక్నికల్ కోర్సులు కూడా చూడమనండి. హోక్‌షూలే అని పిలిచే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలు మరో దారి. అక్కడ పరిశోధన కంటే పరిశ్రమ పని మీద దృష్టి ఎక్కువ. పీహెచ్‌డీ ఆలోచన లేని, ఉద్యోగమే లక్ష్యమైన పిల్లలకు అవి తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నారు. ఇప్పుడే. మీ అమ్మాయి వచ్చే ఏడాది మే, జూన్ నెలల్లో బీటెక్ పూర్తిచేసి, అక్టోబర్‌లో మొదలయ్యే వింటర్ సెమిస్టర్‌కు వెళ్లాలనుకుందాం. ఆ సెమిస్టర్‌కు జులై 15 గడువని అందరూ చెబుతారు. కానీ మన దేశపు విద్యార్థులకు చాలా కోర్సుల గడువు అంతకు ముందే ముగుస్తుంది. ఆఖెన్‌లో మార్చి 1కే దరఖాస్తులు ఆగిపోతాయి. బీటెక్ అయ్యాక చూద్దాం అనుకున్నవాళ్లు ఆ ఏడాదిని పోగొట్టుకునేది ఇక్కడే. ఆఖరి సెమిస్టర్ నడుస్తుండగానే, అప్పటివరకు వచ్చిన మెమోలతో దరఖాస్తు చేసుకోనిచ్చే కోర్సులు చాలా ఉన్నాయి. ప్రొవిజనల్ సర్టిఫికెట్‌ను తర్వాత ఇవ్వాలి.

వేసవి సెలవుల్లో ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్షకు చదివి సెప్టెంబర్ లోపు రాసేస్తే మంచిది. 6.5 వస్తే ఎక్కువ కోర్సులకు సరిపోతుంది. కొన్ని కోర్సులు జీఆర్ఈ లేదా గేట్ స్కోరు అడుగుతాయి, అది ముందే చూసుకోవాలి. ఆ తర్వాత ఏపీఎస్. ఢిల్లీలోని జర్మన్ ఎంబసీకి చెందిన ఈ విభాగం మన సర్టిఫికెట్లు నిజమైనవేనని పరిశీలించి ధ్రువపత్రం ఇస్తుంది. 2022 నవంబర్ 1 నుంచి భారతీయ విద్యార్థుల వీసాకు ఇది తప్పనిసరి. ఫీజు 18,000 రూపాయలు. ఫైనలియర్ పిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. వారాలు పడుతుంది కాబట్టి అక్టోబర్ దాటనివ్వకండి.

దరఖాస్తులు కొన్ని యూనివర్సిటీల సొంత పోర్టల్‌లో, కొన్ని చాలా యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్ అనే సంస్థ ద్వారా వెళతాయి. యూని-అసిస్ట్‌లో మొదటి కోర్సుకు 75 యూరోలు, అదే సెమిస్టర్‌కు వేసే ఒక్కో అదనపు కోర్సుకు 30 యూరోలు. ఆరు కోర్సులు వేస్తే 225 యూరోలు. టీయూ మ్యూనిక్ లాంటివి మన మార్కులను జర్మన్ స్కేలుకు మార్చి చూపే వీపీడీ అనే పత్రం యూని-అసిస్ట్ నుంచి తెచ్చుకుని తమ పోర్టల్‌లో పెట్టమంటాయి. పరిశీలనకు నెల, నెలన్నర పట్టవచ్చు. గడువు రోజున పంపితే పత్రం తక్కువైందని వాళ్లు చెప్పేలోపే గడువు అయిపోతుంది.

మోటివేషన్ లెటర్ గురించి ఒక్క మాట. చిన్నప్పుడు బొమ్మకారు విప్పి చూశాను అని మొదలుపెట్టే లెటర్లు ఏటా నా ముందుకు పదులకొద్దీ వస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల పని అది. మీ అమ్మాయి తన మినీ ప్రాజెక్టులో ఏం చేసింది, ఎక్కడ ఆగిపోయింది, ఈ కోర్సులోని ఏ సబ్జెక్టు ఆ లోటు తీరుస్తుంది అని తన మాటల్లో ఒకటిన్నర పేజీ రాస్తే చాలు. ఇంగ్లిష్ సాదాగా ఉన్నా పర్వాలేదు.

ఇప్పుడు డబ్బు విషయం. ఫీజు లేదన్నది చాలావరకు నిజమే. ఎక్కువ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్‌కు 100 నుంచి 400 యూరోల దాకా కంట్రిబ్యూషన్ కడితే సరిపోతుంది. కానీ స్టుట్‌గార్ట్, కార్ల్స్‌రూ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి మనలాంటి దేశాల వాళ్ల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. టీయూ మ్యూనిక్ 2024 వింటర్ నుంచి మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోల ఫీజు పెట్టింది. జాబితా తయారుచేసేటప్పుడు ఇది పక్కనే రాసుకోవాలి.

అసలు భారం బ్లాక్డ్ అకౌంట్. వీసాకు ముందే 11,904 యూరోలు అందులో వేసి చూపాలి. యూరో వంద రూపాయలు అనుకుంటే దాదాపు 12 లక్షలు. ఇది ఎవరికో కట్టే ఫీజు కాదు, మీ అమ్మాయి డబ్బే. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోల చొప్పున ఆమెకే వస్తుంది. హెల్త్ ఇన్సూరెన్స్‌కే నెలకు 120 యూరోల పైన పోతాయి, తర్వాత పెద్ద ఖర్చు అద్దె. మ్యూనిక్‌లో ఈ డబ్బుతో నెల గడవడం కష్టం, కెమ్నిట్జ్‌లో గడుస్తుంది. ఇంకొకటి, ఇది ఒక్క ఏడాదికే. రెండో ఏడాది సంగతి ఇప్పుడే ఆలోచించండి. 2024 మార్చి నుంచి విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయవచ్చు. అయినా పార్ట్‌టైమ్ మీదే మొత్తం లెక్క పెట్టుకోకండి. నేను చూసిన పిల్లల్లో చాలామందికి నాలుగు సెమిస్టర్ల కోర్సు ఐదారు సెమిస్టర్లు పట్టింది. లోన్ తీసుకుంటే ఆ మేరకే తీసుకోండి.

ఉద్యోగాల గురించి మీరు అడగలేదు, అయినా చెప్పడం నా బాధ్యత. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల దాకా అక్కడ ఉండనిస్తారు. అయితే ఆటోమొబైల్ రంగం ఇప్పుడు ఒత్తిడిలో ఉంది. 2030 నాటికి 35,000కు పైగా ఉద్యోగాలు తగ్గించుకోవడానికి ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబర్‌లో యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. మెకానికల్‌కు అవకాశాలు లేవని కాదు. కానీ ఇంగ్లిష్ ఒక్కదానితో నెట్టుకొచ్చే రోజులు కావివి. కోర్సు ఇంగ్లిష్‌లోనే ఉన్నా, షాప్‌ఫ్లోర్ మీద మాట జర్మనే. హైదరాబాద్‌లో గోథే-జెంట్రమ్ ఉంది. ఇప్పటి నుంచి నేర్చుకుంటే విమానం ఎక్కేలోపు బీ1 అనే మధ్యస్థాయి సాధ్యమే. కన్సల్టెన్సీకి కట్టాలనుకున్న డబ్బులో కొంత దీనికి పెట్టండి.

వీసా ఇంతకుముందులా కాదు. తిరస్కరిస్తే పునఃపరిశీలించమని అడిగే పద్ధతిని జర్మనీ 2025 జులై 1 నుంచి ప్రపంచమంతటా ఎత్తేసింది. ఇప్పుడు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేయడమో, బెర్లిన్ కోర్టుకు వెళ్లడమో తప్ప దారి లేదు. అందుకే మొదటిసారే ఫైలు పక్కాగా ఉండాలి.

మీ అబ్బాయి విషయానికి వస్తే, ఎంసెట్ (ఇప్పటి ఎప్‌సెట్) ర్యాంకును అక్కడ లెక్కలోకి తీసుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధిస్తే ఇంజినీరింగ్ బ్యాచిలర్స్‌కు నేరుగా దరఖాస్తు చేయవచ్చు. లేదంటే ఇక్కడే బీటెక్ మొదటి ఏడాది మంచి మార్కులతో పూర్తిచేసి అదే రంగంలో ప్రయత్నించాలి. అదీ కాకపోతే స్టూడియెన్‌కొలెగ్ అనే ఏడాది కోర్సు చేసి పరీక్ష పాసవ్వాలి. పైగా ప్రభుత్వ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ ఎక్కువగా జర్మన్ భాషలోనే. నన్నడిగితే అతన్ని ఇక్కడే బీటెక్ చేయనివ్వండి. అక్క వెళ్లి స్థిరపడేలోపు అతని చదువూ ఒక దారికి వస్తుంది.

ఈ వారమే చేయాల్సిన పని ఒకటుంది. అమ్మాయి టెన్త్ మెమో, ఇంటర్ మెమో, బీటెక్ మెమోలు, పాస్‌పోర్ట్ ఒకచోట పెట్టి పేరు చూడండి. మన దగ్గర టెన్త్‌లో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్ట్‌లో వెనక, ఒక్కోసారి పొడి అక్షరంగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉంటుంది. దరఖాస్తులన్నీ పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరుతోనే వెళ్లాలి. అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. ఏపీఎస్‌కు వెళ్లాక దిద్దించాలంటే రెండు నెలలు అక్కడే పోతాయి.