నల్లగొండలో కౌన్సెలింగ్ గది తెరుస్తున్న బిడ్డకు

బిడ్డా,

క్లాక్ టవర్ దగ్గర గది దొరికిందని, వచ్చే నెల బోర్డు పెడుతున్నానని రాశావు. బోర్డు సంగతి ముందే చెప్పేస్తాను. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఏ హోదాతో ఉందో అదే రాయించు, కింద నంబరు వేయించు. రేపు పీహెచ్‌డీ వచ్చినా బోర్డు మీద 'డాక్టర్' వద్దు. ఆ మాట చూసి మందుచీటీ కోసం వచ్చి, మాటలతో పంపించావని కోపగించుకుని పోతారు. మూడు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్లకు ఫ్రేము కట్టించి గోడ నింపే రివాజు కూడా ఈమధ్య బాగా పెరిగింది. నీ గోడ ఖాళీగానే ఉండనీ.

ఇక అసలు విషయం. నీ పని బాగా సాగుతోందా లేదా అన్నది నీకు నువ్వే అనుకుని తేల్చుకోలేవు. 2016లో గోల్డ్‌బర్గ్ బృందం అమెరికాలో 170 మంది థెరపిస్టులు చూసిన 6,591 మంది రికార్డులు లెక్కగట్టింది. ఏళ్లు గడిచేకొద్దీ సగటున ఫలితాలు మెరుగవ్వలేదు సరికదా, కాస్త తగ్గాయి. ఇరవై ఏళ్ల సర్వీసు ఉందనేవాళ్లను చూసి బెదరకు. కానీ రేపు నీకూ అదే గతి పట్టకుండా మొదటి రోజు నుంచే కొలత పెట్టుకో.

కొలతకు పీహెచ్‌క్యూ-9 చాలు, అది డిప్రెషన్ ఎంతుందో చూసే ప్రశ్నల కాగితం. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. పది వచ్చినా, దాటినా పట్టించుకోవాలి. అయిదు పాయింట్లు తగ్గితే మార్పు వచ్చినట్టు. నాలుగో సెషన్‌కు కూడా అంకె కదలకపోతే 'ఇంకొన్నాళ్లు చూద్దాం' అనుకోకుండా దారి మార్చు. మనిషి నవ్వుతూ కూర్చుని 'బాగనే ఉన్న మేడం' అంటున్నా సరే. ఆ మాట నీ మీది గౌరవం కొద్దీ అంటారు.

ఈ కాగితంతో మన దగ్గర వచ్చే చిక్కు భాష. తెలుగు రూపం దొరుకుతుంది కానీ అందులో పుస్తకాల తెలుగే ఎక్కువ. 'నిరాశ' అని అడిగితే నాంపల్లి మండలం నుంచి వచ్చినామె తల అడ్డంగా ఊపుతుంది. 'రంది ఉన్నదా' అంటే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రంది, మనాది, బుగులు, యాష్ట ఒకటి కావు. రంది దేని గురించో ఉంటుంది: అప్పు, బిడ్డ పెళ్లి, బోరు ఎండిపోవడం. మనాది పోయినవాళ్ల మీద, దూరమైనవాళ్ల మీద. బొంబాయి పనికి పోయిన భర్త కోసం పాలమూరు ఆడమనిషికి పట్టేది మనాదే. బుగులు భయం. యాష్ట అంటే విసుగొచ్చి ఏదీ చెయ్యబుద్ధి కాకపోవడం, మొదటి ప్రశ్నకు దగ్గరి మాట అదే. ఏ ప్రశ్నకు ఏ మాట వాడావో ఒకసారి రాసి పెట్టుకుని ప్రతిసారీ అదే వాడు. సెషన్‌కో మాట మారిస్తే అంకె మారింది మనిషి వల్లనో మాట వల్లనో తేలదు. 'గత రెండు వారాలు' కూడా చాలామందికి అందదు. 'పోయిన రెండు అంగళ్ల సంది' అంటే, అంగడి వారానికోసారి జరిగే సంత కాబట్టి, పద్నాలుగు రోజులు ఠక్కున లెక్కకొస్తాయి.

ఇంకో మెలిక. మర్రిగూడ, మునుగోడు వైపు పెద్దవాళ్లలో నడుము, కీళ్లు పట్టేసినవాళ్లు ఉంటారు. అది చాలావరకు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని. నొప్పికి నిద్ర ఉండదు, ఒంట్లో శక్తి ఉండదు, ఆ రెండు ప్రశ్నలకే ఆరు పాయింట్లు వచ్చేస్తాయి. అందుకని మొత్తం ఒక్కటే చూడకు. మొదటి రెండు (ఆసక్తి, దిగులు), ఆరోది (తన మీద తనకే చిన్నచూపు), తొమ్మిదోది (చావు ఆలోచన) విడిగా చూడు. థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోకుండా వచ్చినవాళ్లను ముందు డాక్టర్ దగ్గరికి పంపు. చెర్వుగట్టు రామలింగేశ్వరుని గుడి దగ్గర అమావాస్య నిద్ర చేసి వచ్చామంటే మొహం చిట్లించకు. ఎన్నాళ్లయింది, ఎంత తేడా కనిపించింది అని అడుగు. జబ్బు ఎప్పుడు మొదలైందో అక్కడే బయటపడుతుంది.

గదిలోకి మనిషితో పాటు అత్త, భర్త, పక్కింటామె కూడా వచ్చేస్తారు. బయటికి పొమ్మనకు, లోపలే ఉంచుకోకు. పది నిమిషాలు అందరితో, ముప్పై అయిదు నిమిషాలు ఆమెతో ఒంటరిగా, చివరి అయిదు నిమిషాలు ఆమె చెప్పమన్నంత మేరకే ఇంటివాళ్లతో. 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షన్ గోప్యత హక్కు ఆమెది అంటుంది, ఫీజు కట్టిన భర్తది కాదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే మాత్రం మొదటి రోజే చెప్పు: లైంగిక హింస సంగతి తెలిస్తే పోక్సో 19వ సెక్షన్ కింద నువ్వు రిపోర్టు చెయ్యక తప్పదు. అంతా చెప్పించుకున్నాక ఈ మాట చెబితే పిల్ల మళ్లీ నోరు విప్పదు.

తొమ్మిదో ప్రశ్న దగ్గర చాలామంది కొత్తవాళ్లు గొంతు తగ్గించి, కాగితం మీద టిక్కు పెట్టి దాటేస్తారు. నువ్వు ఆగు. 'సచ్చిపోవాలని అనిపిస్తున్నదా?' అని నేరుగా అడుగు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే వెంటనే నాలుగు తెలుసుకో: ఎట్లా అనుకుంది, ఎప్పుడు, ఇంతకుముందు ప్రయత్నించిందా, ఈ రాత్రి ఇంట్లో ఎవరుంటారు. మన ఊళ్లలో 'ఎట్లా' అన్నదానికి జవాబు తరచూ ఇంటి మూల ఉన్న పురుగుమందు, గడ్డిమందు డబ్బానే. గడ్డిమందు పారాక్వాట్ అయితే విరుగుడు లేదు, ఒక్క గుక్క చాలు. తాగిన రోజు మనిషి ఒక్కోసారి మామూలుగానే కనిపించినా, తర్వాత కిడ్నీలు, ఊపిరితిత్తులు పోతాయి. కాబట్టి ఆమె ఒప్పుకోలుతో ఇంటివాళ్లను పిలిచి, ఆ డబ్బా ఆ రోజే ఇల్లు దాటించు. 'దాచిపెడతాం' అంటే కుదరదు. ఎవరింటికి చేర్చారో ఫోన్లో చెప్పించుకో. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎక్కడికి పోవాలో కాగితం మీద రాయి, మానసిక సాయం కోసం సర్కారు పెట్టిన టెలీ మానస్ నంబరు 14416, 108 అందులో పెట్టు. చదువు రానివాళ్లయితే ఆ మాటలు వాళ్ల గొంతుతోనే వాళ్ల ఫోన్లో రికార్డు చేయించు. మర్నాడు నువ్వే ఫోన్ చెయ్యి. కేసు అవుతుందన్న భయంతో పాత ప్రయత్నాలు దాస్తారు. శిక్ష లేదని అదే 2017 మానసిక ఆరోగ్య చట్టంలోని 115వ సెక్షన్ పేరు చెప్పి ధైర్యం ఇవ్వు.

వారం వారం రమ్మంటే దేవరకొండ నుంచి బస్సులో ఎవరూ రారు. రెండు వారాలకోసారి పెట్టి మధ్యలో ఫోన్ మాట్లాడు. గోవా పీహెచ్‌సీల్లో సాధారణ కార్యకర్తలు ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో డిప్రెషన్ తగ్గించగలిగారని 2017లో లాన్సెట్‌లో వచ్చింది. నువ్వూ అంతే పెట్టుకుని, ఎన్నిసార్లో మొదటి రోజే చెప్పు. నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు రాకపోతే దాన్ని మొండితనమని రాసుకోకు. ఆ నెలల్లో కూలి వదులుకోవడం ఎంత ఖరీదో లెక్క వెయ్యి.

చివరగా సూపర్‌విజన్, అంటే నీ కేసులు అనుభవమున్నవాళ్లకు చూపించి దిద్దించుకోవడం. జ్ఞాపకం మీద ఆధారపడి కేసు చెబితే మన ప్రశ్నలు నిజంగా అడిగినదానికంటే అందంగా వస్తాయి. రాతపూర్వక అనుమతి తీసుకుని రికార్డు చెయ్యి. నువ్వు తడబడ్డ చోట పది నిమిషాలు తీసుకుని, నిశ్శబ్దం ఎన్ని సెకన్లో కూడా వేసి ఉన్నదున్నట్టు రాయి. 'పానమంతా గుంజుతున్నది మేడం' అని ఆమె అంటే, కొత్తవాళ్ల రికార్డింగుల్లో తరచూ వినపడేది 'ధైర్యంగా ఉండాలమ్మా' అన్న జవాబు. సెషన్ అక్కడే ముగిసిపోతుంది, మిగతా అరగంట మర్యాద. 'గుంజుడు ఎప్పుడు ఎక్కువైతది?' అని అడిగి అయిదారు సెకన్లు నోరు మూసుకుంటే భర్త ఫోన్ చేసే వేళో, వడ్డీ కట్టే తేదీయో బయటికొస్తుంది. రాతలో నీ పంక్తులు సగం దాటితే ఎర్ర సిరా పెట్టుకో.

మొదటి రికార్డింగు వాట్సాప్‌లో పంపకు, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని ఆదివారం నువ్వే తీసుకురా. విన్నాక ఇక్కడే చెరిపేద్దాం. రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపు, ఆ చప్పుడులో మెల్లగా అన్న మాటలే పోతాయి.

నీ పెద్దమ్మ