సమాధిలో చెడనిది బయటికొచ్చాక చెడింది

ప్రశ్న: లండన్‌లో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఈజిప్టు చెక్క శవపేటికలు చూశాను. కొన్నింటి మీద రంగు పెచ్చులుగా లేచిపోయింది. వయసు వల్లేనా? గీకకుండా కారణం ఎలా తెలుసుకుంటారు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వయసొక్కటే కారణం కాదమ్మా. 1922లో ఈజిప్టులోని రాజుల లోయలో బయటపడ్డ టుటన్‌ఖామున్ రాజు సమాధిలో ఒక రంగుల పెట్టె దొరికింది. దాని మీద రాజు రథమెక్కి సింహాలను వేటాడుతుంటాడు. మూడు వేల ఏళ్లకు పైగా నిలిచిన ఆ బొమ్మలు, అదే లోయలో రెండో సేతి సమాధిలో పెట్టుకున్న ప్రయోగశాలకు మార్చిన కొన్ని వారాలకే ఉబ్బి లేవబోయాయి. పెట్టె అతుకులు విచ్చుకున్నాయి.

మూసి ఉన్న సమాధి తేమకు అలవాటుపడ్డ చెక్క పొడిగాలి తగలగానే ముడుచుకుంది. వానాకాలంలో బిగుసుకున్న తలుపు ఎండాకాలంలో వదులవుతుందే, అదే సంగతి. కానీ రంగు కింద తెల్లటి పూత ఉంటుంది, సుద్దపొడిలో జిగురు కలిపి పూసింది. అది ముడుచుకోదు, చెక్కను వదిలేస్తుంది. సమాధిని తవ్విన హోవార్డ్ కార్టర్ బృందం కరిగించిన పారఫిన్ మైనం పోసి పెట్టెను కాపాడింది. ఆ పరిస్థితిలో అది సరైన పనే. ఈరోజు నేనైతే మైనం జోలికి పోను. ఒకసారి లోపలికి ఇంకిందంటే పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం.

రంగులేసిన చెక్క ఏది నా బల్ల మీదికొచ్చినా, ముందు పక్కనుంచి ఏటవాలుగా లైటు వేసి చూస్తాను. లేచిన ప్రతి పెచ్చుకూ నీడ పడుతుంది. చిన్న గుండ్రటి రంధ్రాలుంటే పురుగు, తెల్లటి స్ఫటికాలుంటే ఉప్పు అని అనుమానిస్తాం. లోపలి పగుళ్లకు సీటీ స్కాన్ ఉంది.

రంగుల విషయానికొస్తే ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ నాకు చాలా ఇష్టమైన పరీక్ష. వస్తువును ముట్టుకోకుండానే అందులోని మూలకాలు చెబుతుంది. పాలిపోయిన చోట ఆర్సెనిక్ కనిపిస్తే, అక్కడ ఒకప్పుడు హరితాళమనే పసుపుపచ్చటి ఆర్సెనిక్ రంగు ఉండి, వెలుతురుకు తెల్లబారి ఉండొచ్చు. ఈజిప్షియన్ బ్లూ అనే నీలిరంగు ఇంకా అద్భుతం! దాని మీద ఎర్రటి కాంతి వేస్తే కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెలువరిస్తుంది. కంటికి ఆనని నలుసు కూడా ప్రత్యేక కెమెరాలో మెరుస్తుంది.

మీరు ఫొటోలు తీసి ఉంటే పెద్దవి చేసి చూడండి. చెక్క అడ్డంగా ముడుచుకున్నంతగా నిలువునా ముడుచుకోదు. కాబట్టి పగుళ్లు నార వెంబడే సాగుతుంటే ముందుగా తేమ మార్పునే అనుమానించాలి.