డీప్ డైవింగ్ కోర్సు చేస్తే ధైర్యం వస్తుందా?

స్కూబా (సిలిండర్‌తో నీళ్లలోకి దిగే డైవింగ్)లో రెండో మెట్టు కోర్సయిన అడ్వాన్స్‌డ్ ఓపెన్ వాటర్ అయిపోయింది, అయినా 25 మీటర్లు దాటితే గుండె దడ మొదలవుతోంది, లోతు కోసమే ఉన్న డీప్ స్పెషాలిటీ కోర్సు చేస్తే ధైర్యం వస్తుందా, డబ్బు దండగా అని అడిగారు. నాకైతే వచ్చింది. కాకపోతే మీరు అనుకుంటున్న రకం ధైర్యం కాదు.

మాది అనంతపురం దగ్గర పల్లె. తాగే నీళ్లకే కరువున్న ఊరోడికి సముద్రం అడుగున ఏం పని అని ఇప్పటికీ నవ్వుతారు. ఈత నేర్చింది మా చిన్నాయన తోట బావిలో, నడుముకు బెండ్లు కట్టుకుని. అప్పటికి ఆ బావి ఎండిపోలేదు. బిందె జారి పడితే మునిగి తెచ్చేది నేనే. ఎంతసేపు ఊపిరి బిగబడితే అంత మొనగాడు. స్కూబాలో ఆ అలవాటే నా కొంప ముంచింది. సిలిండర్‌తో దిగినవాడు ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకొస్తే లోపలి గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోవచ్చు. తెలుసు. అయినా టెన్షన్ వస్తే బిగబట్టేది, ఆ వెంటనే గబగబా పీల్చేది, గాలి కాస్తా అయిపోయేది.

అడ్వాన్స్‌డ్‌లో డీప్ డైవ్ ఒక్కటే ఉంటుంది. నేను చేసిన చోట 28 మీటర్లకు తీసుకెళ్లి, ఓకేనా అని సైగ చేసి, పైకి తెచ్చేశారు. కార్డు వచ్చింది, అంతే. తర్వాత అండమాన్‌లోని హ్యావ్‌లాక్‌లో, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ప్రవాహం గట్టిగా ఉన్న ఒక రోజు 26 మీటర్ల దగ్గర సిలిండర్‌లో గాలి పీడనం చూపే గేజ్ చూసుకుంటే 70 బారే (బార్ అంటే పీడనం కొలత) ఉంది, గాలి చాలావరకు అయిపోయింది. తోటి డైవర్ చెయ్యి పట్టుకుని పైకొచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

డీప్ కోర్సులో నాలుగు డైవ్‌లు. నాకు మొదట పనికొచ్చింది మాత్రం ఒడ్డున కాగితం మీద వేసిన లెక్క. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ అంటే సుమారు 2,200 లీటర్ల గాలి. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాననుకోండి. ప్రతి 10 మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరిగి, 40 మీటర్ల దగ్గర మొత్తం 5 అవుతుంది. అంటే నిమిషానికి 100 లీటర్లు. సిలిండర్ మొత్తం ఊడ్చినా 22 నిమిషాలే! అందులో 50 బార్ ముట్టుకోకూడదు, పైకి నెమ్మదిగా రావాలి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలి. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ పట్టిక ప్రకారం 40 మీటర్ల దగ్గర డికంప్రెషన్ (పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా మధ్యలో ఆగడం) అవసరం లేకుండా ఉండగలిగేది ఎటూ 9 నిమిషాలే. నా సొంత అంకెలతో ఇది రాసుకున్నాక, ఆ రోజు 70 బార్‌కు ఎందుకు వచ్చానో అర్థమైంది. అర్థమయ్యాక సగం దడ తగ్గింది.

రెండోది నైట్రోజన్ మత్తు, అంటే లోతులో పీల్చే గాలిలోని నైట్రోజన్ వల్ల బుర్ర మందగించడం. ఒడ్డున 100 నుంచి ఏడేడు తీసేస్తూ పలక మీద రాయించారు, 32 మీటర్ల దగ్గర మళ్లీ అదే. కింద టకటకా రాసేశానని నేను అనుకున్నాను. పైకొచ్చి చూస్తే రెట్టింపు సమయం పట్టింది, రెండు తప్పులు. నాకేం కాలేదు అనిపించడమే ఆ మత్తు లక్షణమట. కొన్ని మీటర్లు పైకొస్తే దిగిపోతుంది కూడా. అప్పటి నుంచి లోతులో నాకు కలిగే ధైర్యాన్ని నేను నమ్మను. ఒడ్డున అనుకున్న లోతు, అనుకున్న బార్, చేతికి కట్టుకున్న డైవ్ కంప్యూటర్ చెప్పేది, ఇవే నమ్ముతా. విచిత్రంగా, అలా అనుకున్నాకే కింద ప్రశాంతంగా ఉండగలుగుతున్నా.

మీ దడ గాలి త్వరగా అయిపోవడం వల్లయితే మాత్రం, ముందు 18-25 మీటర్ల మధ్య ఓ పదిహేను ఇరవై డైవ్‌లు చేసి, పైకీ కిందికీ పోకుండా నీళ్లలో ఒకేచోట తేలడం సరిచూసుకోండి. చేపలా నిలబడలేనివాడు 40 మీటర్లకు పోయి చేసేదేం లేదు. కోర్సు కట్టే ముందు, ఒక బ్యాచ్‌లో ఎంతమంది, పలక పరీక్ష చేయిస్తారా, నాలుగు డైవ్‌లూ నిజంగా లోతుకేనా అని అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కునే చోట డబ్బు కట్టొద్దు. చివరి డైవ్‌కూ చెన్నై ఫ్లైట్‌కూ మధ్య కనీసం 18 గంటలు వదలండి.

జలుబు ఉంటే అసలు దిగొద్దు. నా నాలుగో డైవ్ రోజు చెవి తెరుచుకోలేదు, అంటే లోపలి పీడనం బయటి నీటి పీడనానికి సర్దుకోలేదు. 6 మీటర్ల నుంచే వెనక్కి వచ్చి, మిగతావాళ్లు పైకొచ్చేదాకా పడవలో కూర్చుని ఇంటి నుంచి తెచ్చుకున్న బొరుగులు తిన్నాను. ఆ డైవ్ మూడు రోజుల తర్వాత చేశాను.